‘వెల్‌కమ్ టు ద డాల్‌హౌస్’ చూస్తూ మావాళ్ళు ఎక్కడ నవ్వారు, ఎక్కడ నవ్వు ఆపేశారు

టీనేజ్ పిల్లల మీద వచ్చిన సినిమాల్లో చూశాక కూడా బుర్రలోంచి పోనిది ఏది, మీతో పాటు చూసినవాళ్ళు ఏమన్నారు అని ఎవరైనా అడిగితే, నా వరకు అయితే డౌటే లేదండి, టాడ్ సోలోండ్జ్ తీసిన ‘వెల్‌కమ్ టు ద డాల్‌హౌస్’. 1995 సినిమా, 1996లో సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గ్రాండ్ జ్యూరీ ప్రైజ్ కొట్టింది, గంటన్నర కూడా ఉండదు. రక్తం లేదు, దెయ్యాల్లేవు, ఎవరూ చావరు. పైగా కామెడీ అని చెప్తారు. నవ్వొస్తుంది కూడా, అదే అసలు తంటా.

చూడనివాళ్ళ కోసం కథ కాస్త చెప్తా. న్యూజెర్సీలో ఒక సబర్బ్, మిడిల్ క్లాస్ ఇల్లు. డాన్ వీనర్ అని పదకొండేళ్ళ పిల్ల, ఏడో క్లాసు, దళసరి కళ్ళద్దాలు, ఎవరు కొన్నారో తెలీని పూలపూల బట్టలు. హెదర్ మటరాజో అనే అమ్మాయి చేసింది ఆ వేషం, చేసింది అనడానికి కూడా లేదు, ఆ పిల్లే అనిపిస్తుంది. స్కూల్లో అందరూ ఇంటిపేరుని వెక్కిరిస్తూ వీనర్‌డాగ్ (పొట్టికాళ్ళ పొడుగు కుక్క) అని పిలుస్తారు. సినిమా మొదలవడమే లంచ్ టైంలో, చేతిలో ట్రే పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలీక చుట్టూ చూస్తూ నిలబడి ఉంటుంది. ఇంట్లో పైన మార్క్ అని అన్న, చదువుల పురుగు. కింద మిస్సీ అని చెల్లెలు, ఎప్పుడు చూసినా గులాబీ రంగు బ్యాలే గౌను వేసుకుని లాన్‌లో గిరగిరా తిరుగుతూ ఉంటుంది, వాళ్ళమ్మకి ప్రాణమంతా దాని మీదే.

మేమూ న్యూజెర్సీలోనే, ఎడిసన్ దగ్గర ఉంటాం కాబట్టి ఆ డ్రైవ్‌వేలు, ఆ పసుపు బస్సు, ఆ పక్కింటివాళ్ళు అన్నీ మా వీధే అనిపించాయి. ఒక లాంగ్ వీకెండ్‌లో మా పెద్ద ఆడపడుచు కుటుంబం వచ్చినప్పుడు అందరం కలిసి బేస్‌మెంట్‌లో వేసుకున్నాం. మా ఆయన, వదిన, అన్నయ్యగారు, వదిన కూతురు (కాలేజీలో ఉంది, ఇక్కడే పుట్టి పెరిగింది), నేను. మా అమ్మాయి మిడిల్ స్కూల్, అది ఫ్రెండ్ ఇంట్లో స్లీపోవర్‌కి పోయింది కాబట్టే ధైర్యం చేశాం, ఆర్ రేటెడ్ (పిల్లలు ఒంటరిగా చూడకూడని) సినిమా ఇది, అందులో పిల్లలు మాట్లాడే బూతులు పెద్దవాళ్ళకే చెవులు మూసుకోవాలనిపిస్తాయి.

అందరూ కలిసి పగలబడి నవ్వింది మార్క్ దగ్గర. వాడు గరాజ్‌లో ఒక బ్యాండ్ పెడతాడు, వాయించేది క్లారినెట్, సంగీతం మీద ప్రేమా దోమా ఏం లేదు, కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోడానికి! మా అన్నయ్యగారు సోఫా మీద నుంచి జారిపోయేలా నవ్వారు. ఎందుకు నవ్వరు, ఇక్కడ మన ఇళ్ళల్లో సగం మృదంగాలు, సగం రోబోటిక్స్, ఫుడ్ బ్యాంక్ వాలంటీరింగ్ మొత్తం ఆ అప్లికేషన్ కోసమే కదా. వాళ్ళ కూతురు మాత్రం “నాన్నా, నా వయొలిన్ గుర్తొస్తోందా” అంది, ఆయన వినపడనట్టు ఊరుకున్నారు.

స్కూల్ సీన్లు వచ్చేసరికి మా పెద్దవాళ్ళందరిదీ ఒకటే రియాక్షన్. అమ్మో అమెరికా స్కూళ్ళు, అని. బ్రాండన్ అని ఒక కుర్రాడు ఉంటాడు, డాన్‌ని మూడింటికి రమ్మని, రేప్ చేస్తానని బెదిరిస్తాడు, ఈ పిల్ల వెళ్తుంది! వదిన అయితే “ఆపేయండి బాబూ” అని లేచేసింది కూడా. తీరా అక్కడికి వెళ్ళాక వాడేం చేయడు, ఇద్దరూ ఊరికే మాట్లాడుకుంటారు, ఆ మాట్లాడుకోవడమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ఆ పిల్లని ఎవడో ఒకడు గుర్తించడం అదే మొదటిసారి, అది కూడా ఆ రకంగా. వాడికీ ఇంట్లో చేయిచేసుకునే తండ్రి ఉంటాడు. వాణ్ణి విలన్ అనుకుని ప్రశాంతంగా కూర్చోడానికి డైరెక్టర్ ఒప్పుకోడు.

మా ఆయన అప్పుడు లాయర్ లెవల్లో అందుకున్నారు, ఇవన్నీ పాతకాలం ముచ్చట్లు, ఇప్పుడైతే హెచ్‌ఐబీ (వేధింపులు, బెదిరింపులు, బుల్లీయింగ్) కంప్లైంట్ పెడితే స్కూల్ వణుకుతుంది అని. ఇక్కడి పేరెంట్స్‌కి తెలిసే ఉంటుంది, వేరేచోట ఉన్నవాళ్ళ కోసం చెప్తున్నా, 2010 సెప్టెంబర్‌లో రట్గర్స్ యూనివర్సిటీ స్టూడెంట్ టైలర్ క్లెమెంటీ రూమ్‌మేట్ వేధింపుల తర్వాత ఆత్మహత్య చేసుకున్నాక, 2011 జనవరిలో న్యూజెర్సీ ఒక గట్టి యాంటీ బుల్లీయింగ్ చట్టం తెచ్చింది. కంప్లైంట్ అందిన ఒక స్కూల్ డేలో ఎంక్వైరీ మొదలవ్వాలి, పది స్కూల్ డేస్‌లో అయిపోవాలి, ప్రతి స్కూల్లో దీనికోసమే ఒక స్పెషలిస్ట్ ఉండాలి. మంచిదే, పనికొచ్చే చట్టమే. కానీ సినిమాలో జరిగేది చూడండి, పిల్లలు కాగితం ఉండలు ఊది ఊది కొడుతుంటే డాన్ ఒక్కసారి తిరిగి ఊదుతుంది, అది పోయి టీచర్ కంట్లో తగులుతుంది, ప్రిన్సిపాల్ రూమ్‌కి అమ్మానాన్నలతో సహా వెళ్ళింది ఈ పిల్లే. ఆ మాట నేనంటే మా ఆయన “అది వేరే” అన్నారు. ఏం వేరో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఇంతలో కేక్ సీన్ వచ్చింది. పెరట్లో డాన్‌కి చెక్కలతో కట్టుకున్న ఒక చిన్న క్లబ్‌హౌస్ ఉంటుంది, ‘స్పెషల్ పీపుల్ క్లబ్’ అని పేరు, పక్కింటి చిన్నపిల్లాడు ఒక్కడే మెంబర్. అమ్మానాన్నల పెళ్ళిరోజు పార్టీకి అది అడ్డమట, పీకేయాలి అంటారు. ఈ పిల్ల ఒప్పుకోదు. రాత్రి భోజనాల దగ్గర తల్లి చాక్లెట్ కేక్ అందరికీ పెట్టి, డాన్ వంతు ముక్కని ఆ పిల్ల కళ్ళముందే అన్నకీ చెల్లెలికీ పంచేస్తుంది. అరుపుల్లేవు, కొట్టడం లేదు. వాళ్ళిద్దరూ తింటారు. అంతే సీను.

మా బేస్‌మెంట్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వదిన, ఇందాక లేచిపోతానన్న మనిషి, టీవీ వైపే చూస్తూ “మా చిన్నదానికి కూచిపూడి నేర్పించారు, నాకు టైపు నేర్పించారు” అంది. కోపంగా కూడా కాదు, కూరలో ఉప్పు తక్కువైంది అన్నట్టు మామూలుగా. వాళ్ళ చెల్లెలు తెల్లగా ఉంటుంది, చుట్టాలొస్తే హాల్లో డాన్స్ చేయించేవాళ్ళట, ఈవిడేమో కాఫీ కప్పులు అందించేదట. టైపు పరీక్షల్లో లోయర్ పాసయ్యాక హయ్యర్ కూడా కట్టించారట, దీనికి పెళ్ళి ఆలస్యమవుతుంది, చేతిలో ఏదో ఒకటి ఉండాలి అని. మా ఆయన “అబ్బా అక్కా, ఎప్పటి మాటలే” అన్నారు. ఆయన ఇంటికి ఒక్కగానొక్క మగపిల్లాడు లెండి, కేక్ ఎప్పుడూ ఆయన ప్లేట్లోకే వచ్చింది కాబట్టి ఆ సీను ఆయనకి చిన్నగా కనిపించి ఉంటుంది.

అందుకే అంటున్నా, ఈ సినిమా డిస్టర్బ్ చేసేది స్కూల్ వల్ల కాదు. స్కూల్ని తీసి ఒక పక్కన పెట్టేయొచ్చు, అది వాళ్ళ కల్చర్ అనొచ్చు, ఆ రోజులు వేరు అనొచ్చు, చట్టం ఉంది అనొచ్చు. కేక్ మీద ఏ హెచ్‌ఐబీ ఫారం నింపుతాం?

‘థర్టీన్’ అని 2003లో ఇంకోటి వచ్చింది, క్యాథరిన్ హార్డ్‌విక్‌ది, అందులో నటించిన నిక్కీ రీడ్ టీనేజ్‌లోనే తన సొంత అనుభవాల నుంచి దాని కథలో చేయి వేసింది. అది కూడా గట్టిగానే భయపెడుతుంది, దొంగతనాలు, డ్రగ్స్, చేతులు కోసుకోవడం, తల్లిగా హోలీ హంటర్ ప్రాణం పెట్టింది, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. కానీ అది చూసిన పేరెంట్స్‌కి ఒక వెసులుబాటు ఉంది, చెడు స్నేహం అనే మాట. నా ఫ్రెండ్ ఒకావిడ అది చూసి రాత్రికి రాత్రి కూతురి బ్యాగ్ వెతికింది, ఏమీ దొరకలేదు, హాయిగా పడుకుంది. డాల్‌హౌస్ చూసి ఎవరి బ్యాగ్ వెతుకుతారు?

ఇక ఈ సినిమా మీద అందరూ చేసే పెద్ద కంప్లైంట్, డైరెక్టర్‌కి జాలి లేదు, పిల్లల్ని ఏడిపించి వినోదం చూస్తున్నాడు అని. మా అన్నయ్యగారు కూడా అదే అన్నారు, “ఆ అమ్మాయినైనా కాస్త మంచిదాన్నిగా చూపించొచ్చుగా”. నేను ఒప్పుకోను. స్కూల్లో తిట్లు తిన్న డాన్ ఇంటికొచ్చి ఆ పక్కింటి పిల్లాడి మీద తిట్లు పారేస్తుంది, తనకి ఉన్న ఒకే ఒక్క ఫ్రెండ్ మీద! పార్టీ వీడియోలో తను నీళ్ళల్లో పడిన బిట్ చూసి ఇంటిల్లిపాదీ నవ్వితే, రాత్రి లేచి సుత్తితో ఆ క్యాసెట్ పగలగొడుతుంది, అదే సుత్తి పట్టుకుని పడుకున్న చెల్లెలి మంచం దగ్గర నిలబడుతుంది. వదిన ఆ సీన్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. తర్వాత తల్లి చెప్పమన్న కబురు కావాలనే చెల్లెలికి చెప్పదు, దానివల్ల చెల్లెలు కిడ్నాప్ అవుతుంది. అలాంటి పిల్ల మీద కూడా మనకి జాలి ఉందా లేదా అన్నదే అతని ప్రశ్న. మంచి పిల్ల మీద ఎవడైనా జాలి పడతాడు, మన పాత సినిమాల్లో సవతి తల్లి బాధలు పడే పిల్లలు ఎంత బంగారాలో మీకు తెలుసు కదా, వాళ్ళ కోసం ఏడవడం చాలా సుఖంగా ఉంటుంది.

చెల్లెల్ని వెతుక్కుంటూ ఒక్కతే న్యూయార్క్ వెళ్తుంది, అక్కడ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే, మిస్సీ దొరికింది అని అన్న చెప్తాడు. డాన్ లేదని అక్కడ ఎవరికీ పెద్దగా పట్టలేదు.

వదిన కూతురి రియాక్షన్ మాత్రం నేను ఊహించలేదు. సినిమా అంతా అది ఫోన్ చూసుకుంటూనే ఉంది, చివర్లో డాన్ అన్నని అడుగుతుంది, ఎనిమిదో క్లాసు బాగుంటుందా అని, పెద్దగా ఉండదు, హైస్కూల్‌కి వెళ్తే తిడతారు గానీ మొహం మీద అంతగా తిట్టరు అన్నట్టు చెప్తాడు మార్క్. అప్పుడు ఇది తలెత్తి “కరెక్ట్, గ్రూప్ చాట్‌లో తిడతారు” అంది. ఇదంతా నీకు కొత్తగా అనిపించలేదా అంటే, “లేదు అత్తయ్యా, వీళ్ళు కనీసం పేరు పెట్టి పిలుస్తున్నారు” అని మళ్ళీ ఫోన్లోకి పోయింది. వాళ్ళమ్మ ఏదో అడగబోయి మానేసింది.

డాన్ తర్వాత ఏమైంది అని అడిగేవాళ్ళకి, సోలోండ్జ్ 2004లో తీసిన ‘పాలిండ్రోమ్స్’ డాన్ అంత్యక్రియలతో మొదలవుతుంది. అది చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. మళ్ళీ ఆయనే 2016లో ‘వీనర్ డాగ్’ తీసి అందులో డాన్‌ని పెద్దయ్యాక బతికే ఉన్నట్టు చూపించాడు, గ్రెటా గర్విగ్ చేసింది. ఏది నిజం అని లాజిక్ అడక్కండి, నేను రెండోదే లెక్కలోకి తీసుకున్నాను.

పిల్లలకి చూపించొచ్చా అని అడిగేవాళ్ళూ ఉంటారు. మిడిల్ స్కూల్ పిల్లలకి నేనైతే చూపించను, ఆ రేప్ మాటలు, ఆ తిట్లు వాళ్ళకి వివరించే ఓపిక మీకుంటే మీ ఇష్టం. హైస్కూల్ చివర్లో పర్లేదు. పెద్దవాళ్ళు తప్పకుండా చూడండి, కానీ అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు అందరూ కలిసి కూర్చుని చూసేటట్టయితే భోజనాలు, స్వీట్లు అన్నీ ముందే కానిచ్చేయండి. మేము మధ్యలో పెట్టుకుందామని కట్ చేసిన పళ్ళు అలాగే ఫ్రిజ్‌లోకి పోయాయి.