ఫ్రానె మాటోషిచ్ 729 గోల్స్: లెక్క నిజమే, కానీ దేని లెక్క?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. క్రొయేషియాలోని స్ప్లిట్ నగరపు ఫుట్‌బాల్ క్లబ్ హైదుక్ తరఫున ఫ్రానె మాటోషిచ్ 739 మ్యాచ్‌ల్లో 729 గోల్స్ కొట్టాడన్నది నమ్మొచ్చా? అంత గొప్ప స్ట్రయికర్ ప్రపంచ కప్‌లో ఎందుకు కనబడడు?

నమ్మొచ్చు. కాకపోతే అది లీగ్ లెక్క కాదు. హైదుక్ తెల్ల చొక్కా వేసుకుని ఆడిన మ్యాచ్‌లన్నీ అందులో ఉన్నాయి: లీగ్, కప్, స్నేహపూర్వక మ్యాచ్‌లు, విదేశీ పర్యటనలు, యుద్ధకాలపు ఆటలు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ 729ని తెచ్చి ఈనాటి ఆటగాళ్ల లీగ్ గోల్స్ పక్కన పెట్టేస్తారు.

చిన్న కూడిక చేసి చూడండి. క్రొయేషియా అప్పుడు యుగోస్లావియాలో భాగం. 1936-37 యుగోస్లావ్ లీగ్‌లో జట్లు 10, అంటే జట్టుకు 18 మ్యాచ్‌లు. 1950లోనూ అంతే. ఏడాదికి 20 వేసుకున్నా పదిహేనేళ్లకు 300. మిగతా నాలుగు వందల పైచిలుకు మ్యాచ్‌లు లీగ్ బయటివే. అలాగని వాటిని తీసిపారేయకూడదు. అప్పటి క్లబ్బులకు టికెట్ డబ్బే ఆధారం. బయటి నుంచి పేరున్న జట్టు వస్తే మైదానం నిండేది, ఇద్దరూ గట్టిగానే ఆడేవాళ్లు. ఊళ్లోని చిన్న క్లబ్బుతో ఆడితే మాత్రం గోల్స్ గుట్టలుగా పడేవి. ఈ రెండు రకాలూ కలిసిన సంఖ్య అది. పైగా ఆయన ఆట మొదలుపెట్టిన కాలంలో ముందు వరుసలో ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవారు, వెనక కాపలా ఇద్దరే. 1925లో ఆఫ్‌సైడ్ నియమం సడలాక గోల్స్ ఇంకా పెరిగాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా, మ్యాచ్‌కు దాదాపు ఒక గోల్ చొప్పున ఇరవై ఏళ్లు నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదు. నా దృష్టిలో ఆయన గొప్పతనం సంఖ్యలో కంటే ఆ నిలకడలో ఉంది.

పాత పత్రికలు తిరగేస్తే ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఆయన అన్న యోజో మాటోషిచ్ కూడా హైదుక్ ఆటగాడే. అన్నదమ్ములు ఒకే జట్టులో ఉంటే ఇంటిపేరు పక్కన ఒకటి, రెండు అని రోమన్ అంకె వేయడం అక్కడి పత్రికల అలవాటు. ఆ అంకె గమనించకపోతే ఒకరి ఖాతా మరొకరికి పోతుంది.

కెరీర్ వరుస అర్థం కావాలంటే దేశాల మార్పును వెంబడించాలి. 1918 నవంబర్ 25న స్ప్లిట్‌లో పుట్టాడు. ముప్పైల నడుమ హైదుక్‌లోకి వచ్చాడు, ఆ దశాబ్దం చివర్లో కొంతకాలం బెల్‌గ్రేడ్ క్లబ్ బీఎస్‌కేకి ఆడాడు, మళ్లీ సొంతూరు చేరాడు. 1941లో ఇటలీ స్ప్లిట్‌ను ఆక్రమించి, హైదుక్‌ను తమ లీగ్‌లోకి రమ్మంది. క్లబ్ ససేమిరా అంది, ఆటే మానేసింది. ఫ్రానె 1942-43లో ఇటలీలోని బొలోన్యా క్లబ్‌కు ఆడాడు. అందుకే రికార్డుల్లో హైదుక్‌కు ఆ ఏళ్లు ఖాళీగా ఉన్నా, ఆయనకు ఖాళీగా ఉండవు.

తరువాతి ఘట్టం నాకు అన్నిటికంటే ఇష్టం. ఆటగాళ్లు సముద్రం దాటి పార్టిజాన్ల (యుగోస్లావ్ కమ్యూనిస్టు గెరిల్లాల) చేతిలో ఉన్న విస్ దీవికి చేరారు. 1944 మే 7న, తమ ఊరి రక్షకుడైన సెయింట్ డామ్నియస్ పండుగ రోజున, అక్కడే క్లబ్‌ను మళ్లీ నిలబెట్టారు. చొక్కా మీద క్రొయేషియా గళ్ల చిహ్నం పోయి ఎర్ర నక్షత్రం వచ్చింది. సెప్టెంబర్‌లో ఇటలీలోని బారీలో బ్రిటిష్ సైనిక జట్టు చేతిలో 2-7తో ఓడారు. స్ప్లిట్‌కు విముక్తి దొరికాక, డిసెంబర్‌లో, అదే బ్రిటిష్ సైన్యాన్ని సొంతగడ్డపై 1-0తో ఓడించారు. ఈజిప్ట్, పాలస్తీనా, లెబనాన్, సిరియా, మాల్టా పర్యటనలు కూడా ఈ యుద్ధకాలపు ఖాతాలోవే.

ఇక ప్రపంచ కప్. 1930లో ఆయనకు పదకొండేళ్లు. ఆ తరం క్రొయేషియా స్ట్రయికర్లకు, హైదుక్ మేటి లియో లెమెషిచ్‌తో సహా, ఆ కప్ దక్కలేదు. యుగోస్లావ్ ఫుట్‌బాల్ సంఘం కార్యాలయాన్ని జాగ్రెబ్ నుంచి బెల్‌గ్రేడ్‌కు తరలించడంతో క్రొయేషియా ఆటగాళ్లు బహిష్కరించారు. 1934 అర్హత పోటీలో యుగోస్లావియా జట్టు రొమేనియా చేతిలో 1-2తో ఓడింది. 1938కి వార్సాలో పోలండ్ చేతిలో 0-4తో చిత్తయ్యాక బెల్‌గ్రేడ్‌లో 1-0తో గెలిచినా లాభం లేకపోయింది. యుద్ధం వల్ల 1942, 1946 జరగనే లేదు. 1950లో జట్టు బ్రెజిల్ వెళ్లేసరికి ఆయనకు 31 ఏళ్లు, ఆ కప్‌లో ఆడలేదు. అంటే పాతిక నుంచి ముప్పై దాకా, స్ట్రయికర్‌కు పండిన వయసులో, ఆడటానికి ప్రపంచ కప్పే లేదు.

అదే 1950లో హైదుక్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్ గెలిచింది, ఆయనే కెప్టెన్. అక్టోబర్ 29న స్ప్లిట్‌లో బెల్‌గ్రేడ్ రెడ్‌స్టార్‌ను 2-1తో ఓడించారు. ముందురోజే టొర్సిడా అనే అభిమానుల సంఘం పుట్టింది. వాళ్ల హోరు కమ్యూనిస్టు ప్రభుత్వానికి నచ్చలేదు. మాటోషిచ్‌ను కమ్యూనిస్టు పార్టీ నుంచి బహిష్కరించారు. గోల్స్ జాబితాలో కనబడని సంగతి ఇది, కానీ ఆయన గురించి రాసేటప్పుడు వదిలేయకూడదు.

మన వైపు నుంచి ఒక లంకె ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. ఆ యుగోస్లావ్ జట్టులోని గోల్‌కీపర్ బెయారా, ఫార్వర్డ్ వుకాస్ హైదుక్‌లో మాటోషిచ్ సహచరులే.

ఆట మానాక శిక్షకుడయ్యాడు. 1962 ఆఫ్రికా కప్‌లో మూడో స్థానం సాధించిన ట్యునీషియా జట్టుకు ఆయనే కోచ్. 1990లో స్ప్లిట్‌లో కన్నుమూశాడు. వెతికేటప్పుడు ఇంటిపేరును క్రొయేషియన్ గుర్తులతో (Matošić) ఒకసారి, అవి లేకుండా (Matosic) ఒకసారి కొట్టి చూడండి. పాత పత్రికల స్కాన్లలో చాలాచోట్ల ఆ గుర్తులు ఎగిరిపోయి ఉంటాయి.