ఎర్త్ సిస్టమ్ సైన్స్ చదివితే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ పూర్తిచేస్తోంది. పర్యావరణ నిర్వహణలో పనిచేయాలని ఉందట, పీజీకి మాత్రం ఎర్త్ సిస్టమ్ సైన్స్ అంటోంది. సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్ చదివితే త్వరగా సెటిల్ అవుతుంది కదా? రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అవదండీ. ముందు ఆ భయం వదిలేయండి. గాలి, నీరు, నేల, సముద్రం, జీవరాశి ఒకదాన్నొకటి ఎలా మారుస్తున్నాయో లెక్కకట్టే చదువు ఎర్త్ సిస్టమ్ సైన్స్. నిర్వహణలో తీసుకునే నిర్ణయాలన్నీ ఆ లెక్కల మీదే నిలబడాలి.

భూగర్భ జలాలనే తీసుకోండి. 2002లో ప్రయోగించిన గ్రేస్ ఉపగ్రహాల జంట, భూమి గురుత్వాకర్షణలో వచ్చే అతి చిన్న తేడాల నుంచి నీటి నిల్వల మార్పును పట్టుకుంది. అందులోంచి మట్టి తేమ, నదులూ చెరువుల నీరు, మంచు తీసేస్తేనే భూగర్భ జలం వాటా తేలుతుంది. పైగా ఆ కొలత వందల కిలోమీటర్ల విస్తీర్ణానికి చెందింది, ఒక్క ఫ్యాక్టరీ ఆవరణకు పనికిరాదు. అక్కడ బావుల్లో నీటిమట్టం కొలవాల్సిందేనని పట్టుబట్టగలిగేది ఈ సైన్స్ తెలిసిన మనిషే. మీ అమ్మాయి ఫిజిక్స్ ఎక్కడికీ పోదు.

సస్టైనబిలిటీ కోర్సుల మీద ఇప్పుడున్న మోజు చూస్తే నాకు అనుమానమే. చాలాచోట్ల నేర్పేది రిపోర్టు నింపడం. కంపెనీ వల్ల వెలువడే కర్బన ఉద్గారాలను అందులో మూడు పద్దులుగా రాస్తారు: కంపెనీ తాను కాల్చే ఇంధనం స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2, సరఫరాదారుల నుంచి వాడకందారుల దాకా మిగిలినదంతా స్కోప్ 3. ఈ పట్టిక కొద్ది వారాల్లో వచ్చేస్తుంది. స్కోప్ 3లో చాలా అంకెలు సగటులతో వేసిన అంచనాలు. వాటిని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చడానికి ఆ చదువు చాలదు, నియమాలు మారితే నేర్చుకున్న ఫార్మాటూ పాతబడుతుంది. లెక్కలంటే గిట్టనివాళ్లకూ, ఇప్పటికే ఫీల్డులో అనుభవం ఉన్నవాళ్లకూ అది మంచి దారే కావచ్చు. మీ అమ్మాయి పరిస్థితి అది కాదు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ఎప్పుడు సెటిల్ అవుతుందో అడిగారు, ఆ సబ్జెక్టు ఎందుకు ఎంచుకుందో ఒక్క ముక్క రాయలేదు. ఆమెను అడిగారా? సిలబస్ తెరిచి చూశారా? చూడకుండానే వద్దనడం అన్యాయం.

ఈ పీజీలో లోటు లేకపోలేదు. పర్యావరణ చట్టాలు, ప్రభావ అంచనా, ఐఎస్ఓ 14001 (కంపెనీల పర్యావరణ నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) ఆడిట్ దీనిలో సాధారణంగా పెద్దగా ఉండవు. ఎలక్టివ్‌లతో, ఇంటర్న్‌షిప్‌తో పూడ్చుకోవాలి. చేరేముందు ఆ విభాగం పాత థీసిస్‌ల జాబితా చూడమనండి. అన్నీ సముద్ర, వాతావరణ మోడలింగే అయితే ఆ దారి పీహెచ్‌డీకి పోతుంది. నీటి వనరులు, గాలి నాణ్యత, భూవినియోగం ఉంటే నిశ్చింతగా చేర్పించండి. ఈలోగా జీఐఎస్ (మ్యాపుల మీద డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్), పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టొచ్చు. 1972 నుంచి పోగైన ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి ఉచితం. ఏదో ఒక చెరువు ఎంత కుంచించుకుపోయిందో వాటితో తనే లెక్కగట్టగలదు.

మొదటి ఉద్యోగం మేనేజర్ హోదాతో రాదు. డేటా అనలిస్టుగానో, నమూనాలు సేకరించే ఫీల్డు మనిషిగానో మొదలవుతుంది. ఆ కొన్నేళ్లు ఆమెను ఎవరితోనూ పోల్చి తొందరపెట్టకండి.