72కీ 90కీ తేడా 18 మాత్రమేనా?

ప్రశ్న: మాస్టారూ, గతిజ శక్తి కట్టాలంటే ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేయమంటారు. ఆ వర్గం ఎందుకు? ఆ సగం ఎక్కడిది? వేగం రెట్టింపైతే శక్తీ రెట్టింపు కావాలి కదా! పైగా నా జవాబు పుస్తకంలోని దానితో ఎప్పుడూ కలవదు. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని

జవాబు: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. వేగాన్ని గంటకు కిలోమీటర్లలోనే ఉంచేసి వర్గం చేస్తున్నావేమో చూసుకోమ్మా. పేపర్లు దిద్దినన్నాళ్లూ నా ఎర్ర సిరా ఎక్కువగా ఖర్చయింది అక్కడే. 3.6తో భాగించి సెకనుకు మీటర్లలోకి మార్చాకే వర్గం. ద్రవ్యరాశి కిలోల్లో ఉంటే జవాబు జౌళ్లలో, అంటే శక్తిని కొలిచే ప్రమాణంలో వస్తుంది.

ఇక వర్గం. కదిలే వస్తువును ఆపడానికి ఎంత పని చేయాలో అదే దాని గతిజ శక్తి. పని అంటే బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది. ఒకే బలంతో బ్రేకు వేశావనుకో. వేగం రెట్టింపైతే ఆగడానికి రెట్టింపు సమయం పడుతుంది. ఆ సమయమంతా బండి సగటు వేగం కూడా రెట్టింపే! రెండు రెళ్లు నాలుగు, అంటే దూరం నాలుగింతలు. సగం కూడా ఇక్కడిదే: ఒకే తీరున తగ్గుతూ సున్నాకు దిగే బండి సగటు వేగం, మొదటి వేగంలో సగం.

1720లలో హాలండ్‌లో గ్రేవ్‌సాండ్ అనే శాస్త్రవేత్త ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీద జారవిడిచి చూశాడు. రెట్టింపు వేగంతో పడ్డ గుండు నాలుగింతల లోతుకు దిగబడింది. ఫ్రాన్స్‌లో ఎమిలీ దు షాట్లే అనే శాస్త్రవేత్త 1740లో వచ్చిన తన పుస్తకంలో, లెక్కలోకి రావాల్సింది వేగం కాదు, వేగం వర్గమేనని గట్టిగా నిలబడింది. ఆవిడ పేరెత్తకుండా ఈ పాఠం చెప్పడం నాకిష్టం ఉండదు.

ఇప్పుడు అసలు లెక్క. వెయ్యి కిలోల కార్లు రెండు, ఒకటి 72 కిలోమీటర్ల వేగంతో, ఇంకొకటి 90తో పక్కపక్కనే వస్తూ ఒకే చోట ఒకేలా బ్రేకు వేశాయి. మొదటి దాని వేగం సెకనుకు 20 మీటర్లు, శక్తి 2,00,000 జౌళ్లు. రెండోదానికి 25 మీటర్లు, 3,12,500 జౌళ్లు. మొదటిది సరిగ్గా గోడ ముందు ఆగింది. అంత దూరంలో రెండోది వదిలించుకోగలిగేదీ 2,00,000 జౌళ్లే. ఇంకా 1,12,500 మిగిలే ఉన్నాయి. దాన్ని రెట్టింపు చేసి వెయ్యితో భాగిస్తే 225, వర్గమూలం 15. అంటే గంటకు 54 కిలోమీటర్లు! 90లోంచి 72 తీసేసి, గోడకు 18తో తగులుతుందిలే అనుకుంటాం. గుద్దేది 54తో.

రెండు కార్లూ 1,500 కిలోలనుకుని మళ్లీ చెయ్యి. 54 మారదు. ఎందుకో కనిపెట్టి రాసి పంపు.