పాత స్టేషన్ కొన్నారు, కింద నేల ఎవరిది?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. నౌపడ - గుణుపూర్ నేరోగేజ్ బండి ఆగిపోయాక, 2006లో రైల్వే వేలంలో మా నాన్నగారు పాత స్టేషన్ బిల్డింగ్ కొన్నారు. కూల్చకుండా బాగుచేసుకుని అందులోనే ఉంటున్నాం. టికెట్ల గది ఇప్పుడు అమ్మ వంటగది. ఇంటిపన్ను, కరెంటు మీటరు నాన్న పేరునే ఉన్నాయి. చెల్లికి గిఫ్టు రాద్దామని వెళ్తే 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందని సబ్ రిజిస్ట్రార్ వెనక్కి పంపేశారు. మొన్న ఖాళీ చేయమని రైల్వే నోటీసు వచ్చింది. పన్నెండేళ్లు దాటితే స్థలం మనదేనని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. పన్నెండేళ్ల లెక్క ప్రైవేటు వాళ్ల స్థలాలకి. ప్రభుత్వ భూమికి, దావాల గడువు చెప్పే లిమిటేషన్ చట్టం 112వ ఆర్టికల్ ప్రకారం 30 ఏళ్లు. రైల్వే అంటే కేంద్ర ప్రభుత్వమే. 2006 నుంచి లెక్కేసినా 2036 దాకా రాదు, ఈలోగా నోటీసు రానే వచ్చింది.

మీరు పంపిన వేలం కాగితం జిరాక్సు రెండుసార్లు చదివాను. అందరి చూపూ పైనున్న డబ్బు అంకె మీదకే పోతుంది. అసలు సంగతి రెండో పేరాలో ఉంది: బిల్డింగ్ కూల్చి, సామాను అరవై రోజుల్లో తరలించుకుపోవాలి. సర్వే నంబరు లేదు, ఎన్ని సెంట్లో లేదు, హద్దులు లేవు. అంటే నాన్నగారు కొన్నది ఇటుకలు, దూలాలు, తలుపులు, పెంకులు. ఉద్దానంలో ఏడాది కాపు కొన్నవాడికి జీడితోట రాసిచ్చేయరు కదా, ఇదీ అంతే. నేల రైల్వేది గనుకే 22-ఏలో ఉంది. సబ్ రిజిస్ట్రార్ మీద కోపం పెట్టుకుని లాభం లేదు. పన్ను రసీదులు, మీటరు మీరక్కడ ఉంటున్నారని చూపిస్తాయి, హక్కు ఇవ్వవు.

ఇంకో జాగ్రత్త. నోటీసుకిచ్చే జవాబులో 'మేం కొనుక్కున్నాం' అని ఒక పేరా, 'అడ్వర్స్ పొసెషన్‌తో (ఏళ్ల తరబడి మా అనుభవంలో ఉండటం వల్ల) మాదైంది' అని ఇంకో పేరా రాసేవాళ్లున్నారు. రెండూ కలిపి చెల్లవని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. కొన్నానంటే సొంతదారుణ్ణి అన్నట్టు, అడ్వర్స్ అంటే అసలు యజమాని వేరే ఉన్నాడని ఒప్పుకున్నట్టు.

మరి చేయాల్సిందేమిటి? ఆ నోటీసు 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం (ప్రభుత్వ స్థలాలు ఖాళీ చేయించే చట్టం) 4వ సెక్షన్ కింద వచ్చింది. సంజాయిషీకి ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులే ఇస్తారు. పండగ పోయాక చూద్దాం అనుకోకండి. ఆ చట్టం కింద విచారణ చేసే ఎస్టేట్ ఆఫీసరుకి రాతపూర్వకంగా జవాబిచ్చి, విచారణకి మీరే వెళ్లండి. ఖాళీ చేయమని ఆర్డరు వస్తే శ్రీకాకుళం జిల్లా జడ్జి గారి దగ్గర అప్పీలుకి 12 రోజులే టైము. సివిల్ కోర్టులో దావా వేసి స్టే తెస్తానని ఎవరైనా ఫీజు అడిగితే, ఇలాంటి దావాలు సివిల్ కోర్టు తీసుకోకూడదనే అదే చట్టం 15వ సెక్షన్ చూపించి టీ తాగించి పంపండి.

జవాబులో ముందు జాయింట్ సర్వే (రైల్వే, రెవెన్యూ వాళ్లు కలిసి కొలిచేది) అడగండి. ఆ లైను పర్లాకిమిడి రాజా వారు వేయించింది, 1900లో మొదలైంది. జమీందారీ రోజుల నాటి వ్యవహారం కాబట్టి ఊరి ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), రైల్వే ల్యాండ్ ప్లాన్ మూడూ పక్కపక్కన పెట్టి చూడందే నేల మొత్తం రైల్వేదేనని మీరుగా ఒప్పుకోవద్దు. వంటగది వైపు నాలుగు గజాలు గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల స్థలంలో) పడినా కథ మారుతుంది. ల్యాండ్ ప్లాన్, వేలం ఫైలు కాపీలకి పది రూపాయలతో ఆర్టీఐ అర్జీ పెట్టండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

సర్వేలో రైల్వేదే అని తేలితే మాత్రం మొండికేయకండి. ఖాళీ చేయని కాలానికి 7వ సెక్షన్ కింద నష్టపరిహారం కూడా కట్టమంటారు. అమ్మగారి వయసు చెప్పి గడువు అడగండి. సామాను తీసుకెళ్లడానికి అనుమతి కూడా అందులోనే అడగండి. అరవై రోజులు ఎప్పుడో దాటాయని వాళ్లంటారు, నిజమే. కానీ డబ్బు పుచ్చుకుని ఇన్నేళ్లూ కిక్కురుమనలేదు, ఆ మాట మీద గట్టిగా నిలబడొచ్చు. ఆ టేకు దూలాలు, టికెట్ల కిటికీ కొత్తింటికి పనికొస్తాయి.

జిరాక్సులు కాకుండా అసలు కాగితాలు తెండి. నోటీసు వచ్చిన కవరు కూడా పారేయకండి, దాని మీది పోస్టు ముద్ర తేదీ నాకు కావాలి.