సందేహాలు – సమాధానాలు: సొంత రకానికి దిట్టం

సందేహం: మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ల కోసం తెలుగులో నోట్స్ రాస్తున్నాను. కంపెనీకి క్లౌడ్‌లో ఉన్న సర్వర్లు, డిస్కులు, డేటాబేస్‌లు అన్నిటి చిట్టా సీఎండీబీలో, అంటే కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ డేటాబేస్‌లో ఉంటుంది. అందులో ముందే ఉన్న రకాల్లో దేనికీ సరిపడని రిసోర్స్ వస్తే దానికి మేమే ఒక రకం ఏర్పాటు చేస్తాం. ఇంగ్లీషులో ‘డిఫైన్ ఎ కస్టమ్ రిసోర్స్ టైప్’ అనే ఈ పనిని ‘అనుకూల వనరు రకాన్ని నిర్వచించడం’ అని రాశాను. మా నాన్నగారు చదివి ‘ఎవరికమ్మా అనుకూలం?’ అన్నారు. ఏమని రాయాలి? ఆ పని ఎలా చేస్తామో రెండు పేజీల్లో రాసి జతచేశాను.
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీ నాన్నగారు సరిగ్గా అడిగారమ్మా. అనుకూలం అంటే మనకు కలిసొచ్చేది. గాలి అనుకూలం, తీర్పు అనుకూలం. ‘అనుకూల వనరు’ అని చదివినవాళ్లు ప్రతికూల వనరు ఎక్కడుందా అని చూస్తారు. కస్టమ్ అన్న మాట కనబడగానే ‘అనుకూల’ అని అతికించడం ఫోన్ల మెనూల్లో చూస్తూనే ఉన్నాం, ఇప్పుడది మనుషుల రాతలోకీ వచ్చేసింది. యంత్రం ఇచ్చిన అనువాదాన్ని ఒక్కసారి పైకి చదివితే తప్పు చెవికే తెలుస్తుంది. ఆపాటి ఓపిక కూడా లేకపోతే ఎలా? మీరు చేసేది సొంత రకం. మీ సీఎండీబీ ఉన్న సర్వీస్‌నౌ అనే సాఫ్ట్‌వేర్‌లో మీరు కట్టుకున్న టేబుల్ పేరు ముందు మామూలుగా ‘యూ’ అక్షరం పడుతుందని, ముందునుంచీ ఉన్నవాటితో అది కలిసిపోకుండా ఈ ఏర్పాటని మీరే రాశారు. ‘సొంత’ అంటే సరిపోతుంది.

వనరు ఉండనివ్వండి. పాత కావ్యాల్లో విలపించడం అనే అర్థంలో క్రియగా ఉన్నా ఇవాళ ఎవరూ పొరబడరు. రకం అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దానికి అంకె అని అర్థం. చిట్టాకు తగిన మాటే.

నాకు పట్టింపు ఉన్నది ‘నిర్వచించడం’ దగ్గర. మీ ఉదాహరణే తీసుకుందాం. హైదరాబాద్ రీజియన్‌లో నడిచే ఒక మెసేజ్ క్యూ ఉంది, అంటే ఒక ప్రోగ్రామ్ పంపిన మెసేజ్‌లను ఇంకొకటి తీసుకునేదాకా వరుసలో నిలిపి ఉంచేది. దానికి దగ్గరి పెద్ద క్లాస్ (సీఎండీబీలో రకాన్ని ఇలాగే అంటారు) ఏదో చూసి దాని కింద చేరుస్తారు. పేరు, ఓనర్, స్టేటస్ లాంటి ఫీల్డ్‌లు పైనుంచి వాటంతటవే దిగుతాయి. మెసేజ్ ఎన్నాళ్లు నిలవ ఉండాలి వంటి, క్యూకు మాత్రమే కావలసిన ఫీల్డ్‌లు కలుపుతారు. ఇది ఫలానా క్యూ అని దేన్నిబట్టి గుర్తుపట్టాలో రాస్తారు, అమెజాన్ క్లౌడ్‌లోనైతే ప్రతి రిసోర్స్‌కూ విడిగా ఉండే ఏఆర్‌ఎన్ అనే గుర్తింపు. ఈ నియమం సరిగ్గా రాయకపోతే క్లౌడ్‌లో ఏమేమున్నాయో వెతికి చిట్టాకెక్కించే డిస్కవరీ నడిచినప్పుడు ఒకే క్యూ రెండుమూడు సార్లు చిట్టాకెక్కుతుంది. ఆ తర్వాత అది ఏ అకౌంట్‌లో ఉంది, ఏ అప్లికేషన్ దాని మీద ఆధారపడింది అన్న సంబంధాలు. ఇంత పనిలో మాటకు అర్థం చెప్పడం ఎక్కడుంది? ఏమేమి ఉండాలో, ఎంతెంత ఉండాలో, దేని కింద ఉండాలో ముందే ఖాయం చేస్తున్నారు. తిరుపతిలో ఉంటూ దీనికి మాట వెతుక్కోవాలా? కొండ మీద పోటులో, అంటే గుడి వంటశాలలో, రోజూ వాడుతున్నారు: దిట్టం.

5,100 లడ్డూల దిట్టం చూడండి. శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, ఆవునెయ్యి 165, ముంతమామిడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. మొత్తం 803 కిలోలు. దేవస్థానం 1950లో తొలిసారి దిట్టం ఖరారు చేసింది, 2001లో సవరించింది. ఈ మాట అక్కడ లెక్కా, కట్టుబాటూ రెండూ. ఆస్థానం, కల్యాణోత్సవం, ప్రోక్తం అని లడ్డూలో రకాలున్నాయి కదా. ఆస్థానం లడ్డూలో కుంకుమపువ్వు, బాదంపప్పు అదనంగా పడతాయి, మూలం మాత్రం లడ్డూదే. మీరు పెద్ద క్లాస్ కింద చిన్న క్లాస్ పెట్టి రెండు ఫీల్డ్‌లు కలపడం సరిగ్గా ఇదే పని.

దిట్టం పుట్టుక కోసం సంస్కృత ‘దిష్టం’ దగ్గరికి వెళ్లాలన్నది నా అభిప్రాయం. దిశ్ ధాతువుకు చూపించడం, ఇదీ అని ఏర్పరిచి చెప్పడం అని అర్థం. నిర్దేశం, ఆదేశం, ఉద్దేశం, ఉపదేశం, చివరికి మనం రోజూ అనే దిక్కు, అన్నీ ఆ ఇంటివే. ‘ష్ట’ ప్రాకృతంలో ‘ట్ఠ’ అవుతుంది, మన నోట ఒత్తు పోయి ‘ట్ట’గా నిలుస్తుంది. అరవంలో తిట్టం అంటే ప్రణాళిక. పంచవర్ష ప్రణాళికను వాళ్లు ‘ఐందాండు తిట్టం’ అంటారు. నగరి, పుత్తూరు వైపు రెండు భాషలూ మాట్లాడేవాళ్లకు ఇది తెలిసిందే. కొండ మీది మాట అరవం మీదుగా వచ్చిందా, మనం నేరుగా తీసుకున్నామా అన్నదాని మీద వాదం ఉండొచ్చు. ఈ ప్రాంతపు గుడి మాటల్లో అరవం పాలు ఎక్కువ కనక నేను మొదటిదాని వైపే మొగ్గుతాను. దిష్టి వేరు, అది దృష్టి నుంచి. పనిలో దిట్ట అనేటప్పటి దిట్ట ధృష్ట నుంచి.

ఇంత చక్కని మాట ఊళ్లోనే ఉండగా చదువుకున్నవాళ్లు దాన్ని వంటవాళ్ల మాట అని పక్కన పెట్టడం నాకు బాధగా ఉంటుంది. కొలతలు తప్పకుండా చేసే పనివాళ్ల మాట కంటే నమ్మదగినది ఇంకేముంటుంది?

‘సొంత వనరు రకానికి దిట్టం రాయడం’ అని రాయండి. అలాగని ‘నిర్వచించడం’ తప్పని కొట్టేయలేను. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది, చదివినవాళ్లకు అర్థమవుతుంది. మీ టీమ్‌లో కోస్తావాళ్లు ఎక్కువమంది ఉంటే దిట్టం అంటే ఏమిటో మొదటి పేజీలో ఒక వాక్యం రాయక తప్పదు. స్క్రీన్ మీద క్లాస్ అని ఉన్నచోట నోట్స్‌లోనూ క్లాస్ అనే ఉంచండి, లేకపోతే కొత్తవాళ్లు వెతుక్కోలేరు. ‘దిట్టపరచడం’ అని మాత్రం వద్దు, అది గట్టిపరచడం అనే అర్థంలోకి జారుతుంది. దిట్టం రాయడం, దిట్టం వేయడం రెండూ చెల్లుతాయి. తర్వాత ఫీల్డ్‌లు మారిస్తే దిట్టం సవరించడం.