స్పాన్ మారితే పీక్ ఎందుకు జరుగుతోంది?

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లోని పాత స్పెక్ట్రమ్ అనలైజర్‌కు (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో తెరపై చూపే యంత్రం) సిగ్నల్ జనరేటర్ నుంచి 100 మెగాహెర్ట్జ్ ఇస్తే, 0 నుంచి 1 గిగాహెర్ట్జ్ స్పాన్‌లో (తెరపై కనిపించే ఫ్రీక్వెన్సీ పరిధి) పీక్ మీద పెట్టిన మార్కర్ 102.5 మెగాహెర్ట్జ్ చూపుతోంది. స్పాన్‌ను 10 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే 100.025 వస్తోంది. ఆర్‌బీడబ్ల్యూ (రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్, అంటే లోపలి ఫిల్టర్ వెడల్పు) 10 కిలోహెర్ట్జ్ ఉంచి, స్వీప్ టైమ్‌ను (స్పాన్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసే సమయం) ఆటో నుంచి తీసి 20 మిల్లీసెకన్లు పెడితే పీక్ ఇంకాస్త కుడికి జరిగి, ఎత్తు కూడా తగ్గుతోంది. ట్రేస్‌లో, అంటే తెరపై గీతలో, 401 పాయింట్లున్నాయి. యంత్రం ఫ్రీక్వెన్సీలకు కొలబద్దగా వాడే రిఫరెన్స్ ఆసిలేటర్ పాడైందా?
– ల్యాబ్ సహాయకుడు, కాకినాడ

జవాబు: మీ అంకెలను బట్టి చూస్తే తప్పు రిఫరెన్స్‌ది కాదు. రిఫరెన్స్‌లో పది లక్షలకు ఒక వంతు తేడా ఉంటే 100 మెగాహెర్ట్జ్ దగ్గర 100 హెర్ట్జ్, 1 గిగాహెర్ట్జ్ దగ్గర 1 కిలోహెర్ట్జ్ తప్పు వస్తుంది. స్పాన్ ఎంత పెట్టినా అది మారదు. మీ దగ్గర స్పాన్ వంద రెట్లు తగ్గగానే తప్పు కూడా వంద రెట్లు తగ్గింది. 401 పాయింట్ల మధ్య 400 ఖాళీలుంటాయి కాబట్టి 1 గిగాహెర్ట్జ్ స్పాన్‌లో ఒక్కో అడుగు 2.5 మెగాహెర్ట్జ్, 10 మెగాహెర్ట్జ్ స్పాన్‌లో 25 కిలోహెర్ట్జ్. అంటే రెండుసార్లూ మార్కర్ తప్పింది ఒక్క పాయింటే. స్పాన్‌లో 2, 3 శాతం తప్పును సహజంగా భావించే పాత యంత్రాల్లో పావు శాతం తేడాను నేనైతే లోపమని అనను.

20 మిల్లీసెకన్ల సంగతి వేరు. స్పాన్‌ను ఆర్‌బీడబ్ల్యూ వర్గంతో భాగించి, గాసియన్ తరహా ఫిల్టర్లకు సుమారు 2.5తో గుణిస్తే కనీస స్వీప్ టైమ్ వస్తుంది. మీ సెట్టింగులకు అది 250 మిల్లీసెకన్లు. మీరు పన్నెండు రెట్లకు పైగా తొందరపెట్టడంతో ఫిల్టర్ పూర్తిగా స్పందించేలోపే స్వీప్ సిగ్నల్‌ను దాటిపోతోంది. ఫిల్టర్ 60 మైక్రోసెకన్లు ఆలస్యం చేసినా ఆలోగా స్వీప్ 30 కిలోహెర్ట్జ్ ముందుకు నడిచి ఉంటుంది కనుక పీక్ కుడివైపుకు జరుగుతుంది, ఎత్తు దాదాపు 4 డీబీ పడిపోతుంది. తెర మూలన ‘అన్‌కాల్’ (రీడింగ్‌ను నమ్మొద్దు) అన్న హెచ్చరిక వెలిగే ఉంటుంది; ల్యాబుల్లో దాన్ని చూసీ చూడనట్టు వదిలేయడం మామూలే. స్వీప్ టైమ్‌ను తిరిగి ఆటోలో పెట్టండి.

అయినా స్వీప్‌ను పరీక్షించాలనుకుంటే, యంత్రాన్ని కనీసం అరగంట వేడెక్కనిచ్చి, 1 గిగాహెర్ట్జ్ స్పాన్‌లో జనరేటర్‌ను 100, 500, 900 మెగాహెర్ట్జ్‌లకు మార్చుతూ మార్కర్ రీడింగులు రాసుకోండి. ఎడమ అంచున, యంత్రంలోని లోకల్ ఆసిలేటర్ (స్వీప్‌ను నడిపే ఆసిలేటర్) లీకేజీ వల్ల కనిపించే సున్నా గీతను కూడా గమనించండి. తప్పు మూడు చోట్లా ఒకేలా ఉంటే ట్యూనింగ్ ఆఫ్‌సెట్, క్రమంగా పెరుగుతుంటే ర్యాంప్ (స్వీప్‌ను నడిపే వోల్టేజీ) వాలు, మధ్యలో మాత్రమే వంకర పోతే యిగ్ ఆసిలేటర్ (అయస్కాంత క్షేత్రంతో ట్యూన్ అయ్యే ఆసిలేటర్) సరళరేఖలో నడవకపోవడం కారణం కావచ్చు. పెట్టె విప్పి లోపలి ప్రీసెట్లు (సర్దుబాటు స్క్రూలు) తిప్పకుండా, ముందు మెనూలోని ఫ్రీక్వెన్సీ కాలిబ్రేషన్‌ను నడపండి.

కచ్చితమైన ఫ్రీక్వెన్సీ కావాలంటే, మీ యంత్రంలో ఉంటే, మార్కర్ కౌంటర్‌ను వాడండి. అది తెరపై స్థానాన్ని కాక సిగ్నల్‌ను లెక్కిస్తుంది కాబట్టి స్పాన్ తప్పు దానికి అంటదు. అనలైజర్, జనరేటర్ రెండింటికీ ఒకే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ కలిపితే వాటి మధ్య తేడా పోతుంది. కానీ ఆ రిఫరెన్సే తప్పైతే రెండూ కలిసి తప్పుతాయి కనుక, దాన్ని జీపీఎస్‌కు లాక్ అయిన ఆసిలేటర్‌తో ఒకసారి సరిచూసుకోండి.