రోత్కో రంగుల్లో యూదత్వం ఉందా?

ప్రశ్న: మార్క్ రోత్కో, బార్నెట్ న్యూమన్ వంటి అమెరికన్ యూదు చిత్రకారులు అమూర్త చిత్రాలకు (మనుషులు, వస్తువుల రూపాలు లేని చిత్రాలకు) మళ్లడానికి వారి మతంలోని విగ్రహ నిషేధమే కారణమంటారు. నిజమేనా?
– ఒక డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: ఆ వాదన వినడానికి ఇంపుగానే ఉంటుంది గానీ చరిత్ర ముందు నిలవదు. 14వ శతాబ్దపు సరయేవో హగ్గదా అనే యూదుల పండుగ గ్రంథంలో మానవాకృతులు ఎన్నో ఉన్నాయి. రోత్కో సైతం 1930లలో న్యూయార్క్ సబ్‌వే ప్రయాణికులను చిత్రించినవాడే.

మన చేర్యాల నకాశీ పటంలో మార్కండేయ పురాణం కనిపిస్తే అది పద్మశాలీలదని ఇట్టే తెలుస్తుంది. అమెరికాలోని యూదు చిత్రకారుల్లో అంత స్పష్టత కొందరి దగ్గరే దొరుకుతుంది. రఫాయెల్ సోయర్ 1926లో వేసిన ‘డాన్సింగ్ లెసన్’లో అన్నకో తమ్ముడికో నృత్యం నేర్పుతున్న అమ్మాయి, పక్కనే యిద్దిష్ (తూర్పు ఐరోపా యూదుల భాష) పత్రిక పట్టుకున్న తల్లి, వలస కుటుంబంలోని రెండు తరాలను ఒకే గదిలో చూపుతారు. లిథువేనియాలో పుట్టి, లిథోగ్రఫీ (రాతి అచ్చు) పనిలో ఆరితేరిన బెన్ షాన్ తన చిత్రాల్లో హీబ్రూ అక్షరాలనే బొమ్మలుగా మలిచాడు.

న్యూమన్ విషయం జటిలం. 1963లో యూదు ప్రార్థనా మందిరానికి నమూనా తయారుచేసిన ఆయనే, 1958 నుంచి 1966 వరకు క్రీస్తు సిలువ మార్గం పేరిట 14 చిత్రాలు వేశాడు. రష్యన్ సామ్రాజ్యంలో పుట్టి పదేళ్ల వయసులో అమెరికా చేరిన రోత్కో చిత్రాలున్న హ్యూస్టన్ చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) 1971లో ఏ ఒక్క మతానికీ చెందకుండా తెరుచుకుంది. ఈ ఇద్దరి కళనూ వారి యూదు పుట్టుక ఒక్కదానితోనే వివరించబూనడం, నా దృష్టిలో, బద్ధకపు విమర్శ.